పుత్తూరు కట్టు, ప్రాక్టికల్ రికార్డు

డెబ్బైల చివర్లో నేను తిరుపతిలో ఎమ్మెస్సీ బోటనీ చదివేటప్పుడు మా ప్రాక్టికల్స్ చూసే లెక్చరర్‌ది ఉడుంపట్టు. రికార్డులో ప్రతి అక్షరం, ప్రతి బొమ్మ ఎవరిది వాళ్లే రాయాలి, గీయాలి. గడువు దాటితే మార్కుల్లో కోత. ఒకరిది ఇంకొకరు రాస్తే ఇద్దరి రికార్డుల మీదా సంతకం ఉండదు. సంతకం లేకపోతే హాల్ టికెట్ రాదు. మంచి రూల్సే, కాదనను. పెట్టిన మనిషికి కళ్లు కూడా ఉండాలి కదా!

పరీక్షలు దగ్గరపడ్డాయనగా హాస్టల్ మెట్ల మీద జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాను. నాయన పరుగున వచ్చి, ఆస్పత్రి మాటే ఎత్తకుండా పుత్తూరు బస్సెక్కించాడు. మా వైపు ఎముక విరిగితే ఇంకో ఆలోచన ఉండదు. అక్కడ కట్టు కట్టే పెద్దాయన ఆకుపసరు పూసి, కోడిగుడ్డు సొనలో తడిపిన గుడ్డ చుట్టి, వెదురుబద్దలు పెట్టి బిగించాడు.

"మొత్తం మూడు కట్లు పడాల. మూడో కట్టు నేను విప్పేదాకా దీన్ని ముట్టుకోవద్దు పాపా. వంకరగా అతుక్కునిందంటే మళ్లా నేనేమీ చెయ్యలేను," అన్నాడు.

అప్పటికి నా రికార్డు సగమే అయింది. మిగతాది నా రూమ్మేటు పూర్తి చేసింది. పలమనేరు దగ్గర పల్లె ఆమెది. అమ్మానాయనలు కూలికి పోయేవాళ్లు. ఆ ఏడు తప్పితే ఇంకో ఏడు చదివించే దిక్కు ఆమెకు లేదు. నేను మైక్రోస్కోపులో చూసి చెప్పేదాన్ని, ఆమె గీసేది. అది మోసమని మాకు తోచనే లేదు.

"నువ్వు చెప్తాండావు, నేను గీస్తాండాను. అంతే గదమ్మే," అని నవ్వేది.

ఆమె గీసిన మొదటి బొమ్మ చూడగానే సార్ పట్టేశారు. ఉన్నది ఉన్నట్టు చెప్పి, కట్టు చూపించాను. ఆయన ఆమె రికార్డు బీరువాలో పెట్టి, నాది నా ముందుకు తోశారు.

"ఈ పేజీలన్నీ నీ చేత్తో రాసి సోమవారం తీసుకురా. అప్పుడే ఇద్దరికీ సంతకం. రూలంటే రూలే."

గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే. నా ఏడాది పోతే పోయింది, ఆమె ఏడాది ఎందుకు పోవాలి? ఆ కోపం ఇవాళ్టికీ నాలో చల్లారలేదు.

నేను కట్టు కోసేస్తానేమోనని గదిలో ఉన్న చాకు, కత్తెర ఆమె దాచిపెట్టింది. "పరీక్ష పోతే పోనీమే. చెయ్యి పోతే యాడ తెస్తావు?" అని ఏడ్చింది. ఆమె స్నానానికి వెళ్లినప్పుడు ఎడమచేత్తో, పళ్లతో కట్టు ఊడబీకాను. రెండో కట్టు కూడా పడని చెయ్యి అది. వాచిన వేళ్ల మధ్య పెన్సిల్ నిలవకపోతే గుడ్డపీలికతో కట్టుకుని గీశాను. ఒక్కో గీతకూ ప్రాణం పోయి వచ్చింది. ఆమె వచ్చి చూసి, నా పక్కనే కూర్చుని పేజీ కదలకుండా పట్టుకుంది.

సోమవారం సార్ పేజీలు తిప్పారు. కట్టు ఏమయిందని అడగలేదు. గడువు దాటినందుకు కొన్ని, "నీట్‌గా లేదమ్మా" అంటూ ఇంకొన్ని మార్కులు కోసి, రెండు రికార్డుల మీదా సంతకం పెట్టారు. ఏం మనిషో!

పరీక్షలయ్యాక నాయన నన్ను మళ్లీ పుత్తూరు తీసుకెళ్లాడు. పెద్దాయన మణికట్టు తడిమి తడిమి వదిలేశాడు. "వంకరగా అతుక్కునేసిందప్పా. ఇంక ఇంతే," అన్నాడు నాయనతో. కట్టు ఎందుకు విప్పానో నాయనకు అప్పుడే చెప్పాను. తిడతాడనుకున్నాను. బస్సులో కూర్చున్నాక ఒక్కటే అడిగాడు.

"ఆ పాప పరీక్ష రాసిందా?"

"రాసింది నాయనా."

నా చెయ్యి తీసి తన ఒళ్లో పెట్టుకున్నాడు. తిరుపతిలో దిగేదాకా వదల్లేదు.