పాపకు పాలు పడవు

పోయిన వారం ఒక్క ఉత్తరంతో నేను తాతనైపోయానండి. మా అమ్మాయికి ఇంకా పెళ్లే కాలేదు.

మా సరళ హైదరాబాదులో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. ఆర్నెల్ల క్రితం పెద్దపేగు వాపు జబ్బని తేలింది. మందులు మానకూడదు, జబ్బు రేగినప్పుడు పీచూ కారం తగ్గించాలి, ఏది పడుతుందో ఏది పడదో తనే రాసుకోవాలి అన్నారు డాక్టరుగారు. కొవ్వూరులో మా ఇంట్లో అయితే వాళ్లమ్మ చూసుకుంటుంది. హాస్టల్లో రోజూ పచ్చిమిరపకాయలే. మళ్లీ రేగితే సెలవు పెట్టి ఇంటికొచ్చింది. చూస్తే పరీక్షలు నెల్లోకి వచ్చేశాయి, తిరిగి పంపక తప్పలేదు.

వార్డెన్ గారికి ఉత్తరం రాద్దామని కూర్చున్నాను. జబ్బు పేరు రాస్తే నలుగురికీ తెలుస్తుందని భయం. హైస్కూల్లో తెలుగు మాస్టారిని, పిల్లలకు లేఖలు రాయడం నేర్పేవాణ్ణి. పేరెత్తకుండా రాయలేనా? నాలుగుసార్లు చిత్తు రాసి, గుండ్రంగా సాపు చేశాను.

"సరళకు రక్తం పోయి నీరసంగా ఉంది. మూడు నెలలు పథ్యం పెట్టించగలరు. మెత్తటి అన్నం, బీరకాయ, పొట్లకాయ. పాపకు పాలు పడవు. ఈ సంగతి బయటకు పొక్కనీయవద్దని ప్రార్థన."

పాపంటే సరళే. మా ఇంట్లో పంతొమ్మిదేళ్లొచ్చినా పాపే.

శనివారం పక్కింటివాళ్ల ఫోన్‌కి వార్డెన్ గారు చేశారు.

"మాస్టారూ, పరేషాన్ కాకండి. ఎవరికీ చెప్పలే. చదువు మాత్రం ఆపద్దు. పాప ఏడ ఉంది?"

"పాప మీ దగ్గరే కదండీ?"

"మా దగ్గరికి రాలే."

"రాకపోవడమేంటండీ, ఆదివారమే రైలెక్కించాను."

"ఎవరితోని పంపిండ్రు?"

"ఒక్కదాన్నేనండి."

"ఒక్కదాన్నా?"

"అలవాటేనండి. సీటు దొరక్కపోతే నిలబడి వెళ్లిపోతుంది."

వార్డెన్ గారు అటు సరళను కేకేశారు. తర్వాత సరళ గొంతు వినపడింది. "నాన్నగారూ, నేనిక్కడే ఉన్నాను. ఇప్పుడే కాలేజీ నుంచి వచ్చాను. మీరేం రాశారసలు?"

నేను నాలుగు చిత్తుల్లో దాచిన జబ్బు పేరు మా పిల్ల వార్డెన్ గారికి ఒక్క ముక్కలో చెప్పేసింది. తను రాసుకుంటున్న నోట్‌బుక్కు కూడా తెరిచి చూపించింది. అరటిపండు సరే, పాలు వద్దు, పెరుగు పడుతోంది, గోంగూర తగ్గాక చూద్దాం. ఏ రోజు ఏం తిన్నదీ, కడుపు ఏమన్నదీ అన్నీ ఉన్నాయట. అంత ఓపిక దానికి ఎక్కడిదో.

ఆ వార్డెన్ గారిని కూడా ఏమని పొగడాలి? నా పిల్ల తల్లయిందనుకున్న మనిషి ఒక్క మాటనలేదు. పాత నేత చీరలు చింపి పొత్తిగుడ్డలు సిద్ధం చేశారట. ఆ రోజు నుంచి సరళకు వేరే గిన్నెలో మెత్తటి అన్నం, బీరకాయ కూర వండిస్తున్నారు. కడుపు నెమ్మదించింది, చదువుకుంటున్నానని రాసింది.

ఆ జాబుతోపాటు నా ఉత్తరం కూడా నిన్న తిరిగొచ్చింది. "పాప" కింద మా పిల్ల ఎర్రసిరాతో గీసిన గీత, పక్కన "ఎవరు?" అని ప్రశ్న. అడుగున మార్కులు: పదికి మూడు. అవీ దస్తూరీకేనట.