ఇరవై మూడు రాయమన్నాను

ఆరేళ్లుగా ఒక అంకెను మోస్తున్నాను. ఇరవై మూడు వేలు. అది నా జీతం కాదు, నేను పడ్డ అప్పూ కాదు. ఇంకొకరి జీతం, నా నోట్లోంచి వచ్చింది. మా ఇంట్లో కూడా ఎవరికీ తెలియదు. నా మొహం ఎరగని మీకైతే చెప్పగలనేమో అనిపించి మొదలుపెట్టాను.

మా ఆఫీసు జూబ్లీ హిల్స్‌లో, ఒకప్పుడు ఓ సినిమా నిర్మాత ఉన్న ఇంట్లో ఉంది. ఆయన ఇంటిల్లిపాదీ సినిమాలు వేసుకుని చూసిన చిన్న హాల్లో మేం ఇప్పుడు మీటింగులు పెట్టుకుంటాం. ఫిల్మ్‌నగర్ స్టూడియోలకు సాఫ్ట్‌వేర్ రాయడం మా పని. ఇంటర్వ్యూకి వచ్చినవాళ్ల చేతికి ఒక ఫారం ఇస్తారు. అందులో ఎంత జీతం ఆశిస్తున్నారని అడిగే గడి ఒకటి ఉంటుంది. చదువు, తెలివి, రాసిన కోడు అన్నీ చూస్తారు, నిజమే. కానీ అవన్నీ ఉద్యోగం ఇవ్వాలా వద్దా అన్నంతవరకే. జీతం మాత్రం ఆ గడిలోంచే వస్తుంది. అయ్యో, తక్కువ రాసిందే అని పెంచి ఇచ్చిన కంపెనీని నేనింతవరకూ చూడలేదు.

ఆరేళ్ల కిందట ఒక ఉదయం పోర్టికోలో, డ్రైవర్లు కూర్చునే బెంచీ మీద ఒక అమ్మాయి ఆ ఫారం పట్టుకుని కూర్చుని ఉంది. స్వప్న అనుకోండి, అసలు పేరు రాయలేను. పక్కనే ఉన్న రహమత్ నగర్ బస్తీ నుంచి వచ్చింది. అదే మొదటి ఉద్యోగం. ఆమె రాసిన పరీక్ష చూసి మా మేనేజరు మురిసిపోయి, నలభై అయిదు వేల దాకా ఇచ్చి తీసుకుందామని నా ఎదుటే అన్నాడు. అప్పటికి మూడేళ్లుగా పనిచేస్తున్న నా జీతం నలభై.

నేను టీ తాగడానికి బయటికి వచ్చాను. నన్ను చూసి లేచి నిలబడింది.

"అక్కా, జర ఈ గడిల ఎంత రాయాలె? మా ఇంట్ల ఎవరికీ ఎరుక లేదు."

"ఇరవై మూడు రాయి. అంతకన్నా ఎక్కువ అడిగితే పంపించేస్తారు," అన్నాను.

"మంచిగ చెప్పిన్రు అక్కా. లేకుంటే ఆగమయితుంటి."

నా కళ్ల ముందే రాసింది. అంకెల్లో ఒకసారి, అక్షరాల్లో ఒకసారి.

తర్వాత నాకు నేను చాలా చెప్పుకున్నాను. కొత్తపిల్ల, ఎక్కువ అడిగి ఉద్యోగం పోగొట్టుకునేది కదా? ముందు చేరితే చాలు, పనితనం ఉంటే జీతం అదే పెరుగుతుంది కదా? పెరిగింది. ఏటా ఆ ఇరవై మూడు మీద నూటికి ఇంత అని పెరిగింది. ఆమె పండక్కి నాకు స్వీట్లు తెచ్చేది. నేను తినేదాన్ని.

పోయిన నెల నన్ను మేనేజర్ని చేశారు. మొదటిసారి అందరి జీతాల పట్టిక నా ముందు తెరుచుకుంది. స్వప్న ఇప్పుడు నలుగురికి పని నేర్పుతోంది. ఆ నలుగురిలో ఒకడు నిన్నగాక మొన్న చేరాడు, వాడికి ఆమెకన్నా ఎక్కువ. అది చూసి సిగ్గుపడ్డాను. కానీ పక్క వరుస చూసి నిర్ఘాంతపోయాను. చేరినప్పటి జీతం ఇరవై మూడు వేలని ఉన్న పేర్లు నాలుగు. స్వప్న కాక ఇంకో ముగ్గురు, వేర్వేరు సంవత్సరాల్లో చేరినవాళ్లు. ఈ నలుగురి చిరునామా రహమత్ నగరే. నేను ఒక్కరికే కదా చెప్పింది?

స్వప్నను పిలిచి, మీ వైపువాళ్లంతా ఇరవై మూడే ఎందుకు రాశారని మామూలుగా అడిగినట్టు అడిగాను. నవ్వింది.

"మీరే చెప్పిన్రు గదక్కా, ఎక్కువడిగితే పంపిస్తరని. మా గల్లీల ఎవరొస్తున్నా మీ పేరు జెప్పి గదే చెప్తున్న. ఎల్లుండి మా చెల్లె వస్తది. దానికి గూడ గంతే రాయమన్న."

ఒక్క ఉదయం కడుపుమంటతో అన్న మాట, ఆరేళ్లుగా ఒక గల్లీ అంతా మంచి సలహాలా చేతులు మారుతోంది. అదీ నా పేరు మీద.

"ఆ గడి ఖాళీగా వదిలెయ్యమను," అన్నాను.

"ఎందుకక్కా?"

ఫోన్ వచ్చినట్టు నటించి బయటికి వెళ్లిపోయాను.

చెల్లెలు ఖాళీగా వదిలిన ఫారం నా దగ్గరికే వచ్చింది. ఇవ్వగలిగినంతా ఇచ్చాను. దాంతో ఆ పిల్ల జీతం అక్క జీతాన్ని దాటిపోయింది. స్వప్న సంతోషంగా స్వీట్లు పంచింది. నా వైపు మాత్రం కొంచెం ఎక్కువసేపు చూసింది. లెక్క రానిది కాదు కదా.

ఆ "ఎందుకు"కు జవాబు ఆమెకు ఇంకా చెప్పలేదు. చెబుతానో లేదో కూడా తెలియదు. ఇక్కడ మాత్రం రాస్తున్నాను. ఆ రోజు నా నోటిదాకా వచ్చిన అంకె ఇరవై అయిదు. ఆమె నన్ను దాటకుండా ఉండడానికి అది చాలు. ఆమె నాకన్నా తెలివైనదని ఆ పరీక్ష కాగితంలో నేనూ చూశాను. అందుకే ఇంకో రెండు తగ్గించాను.