ఏడ్వని తగరం

మొన్న హైదరాబాద్ పత్తర్‌గట్టిలో నడుస్తుంటే, కలాయి పూతలో వాడే నవసాగరం పొగ ఘాటుగా ముక్కుకు తగిలింది. మా కలాయి చాచా గుర్తుకొచ్చాడు.

నైజాం రోజుల్లో ఆయన కార్వాన్‌లోని మా వాకిట్లో కొలిమి పెట్టి, పులుపు తగిలి చిలుం పట్టకుండా ఇత్తడి గిన్నెల లోపల తగరం పూసేవాడు. ముందుగా తగరం కడ్డీని చెవి దగ్గర పెట్టుకుని వంచేవాడు. అది కిర్రుమని ఏడ్చేది. దానికి నొప్పి పుడుతుందని నాకూ ఏడుపొచ్చేది.

ఒకసారి కొత్త కడ్డీ వంచితే చప్పుడే రాలేదు.

"చాచా, ఇయ్యాల ఏడుస్తలేదు!" అని చప్పట్లు కొట్టాను.

ఆయన కొలిమి మీద నీళ్లు చల్లేశాడు.

"గిదేంది భాయ్? రేపు చుట్టాలొస్తున్నరు. పులుసు దేంట్ల వండాలె?" అని అమ్మ లొల్లి పెట్టింది.

"మట్టి కుండల వండుకో బహెన్. దీంట్ల సీసం కలిపి నాకు అంటగట్టిండ్రు. గిది పూస్తె పిల్లల కడుపుల విషం పడతది."

నాకేమీ అర్థం కాలేదు. కడ్డీ ఏడ్వలేదని అలిగాడనుకుని, నాకూ కోపమొచ్చి, పోతున్న మనిషికి సలాం కూడా పెట్టలేదు.

తగరం లోపల చక్కెర పలుకుల్లాంటి స్ఫటికాలుంటాయని, వంచితే అవి కదిలి కిర్రుమంటాయని, సీసం కలిస్తే ఆ చప్పుడు పోతుందని ఈమధ్యే మనవరాలు చెప్పింది.

ఆ పూట కూలి వదులుకుని పోయాడాయన. మేం ఐదుగురు పిల్లలం ఆయన ఏడ్చే తగరమే పూసిన ఆ గిన్నెల్లో వండింది తిని పెద్దయ్యాం.