రేకుల గదిలో ఊపిరి

ఊపిరి పీల్చడం కూడా ఒకరి దగ్గరికి పోయి నేర్చుకోవాలా అని మా అత్త నవ్వింది. నవ్వనీ. గుండెదడ ఆమెకు లేదు, నాకుంది.

సెల్‌ఫోన్లు మా బద్వేలు అంగడి వీధికి అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. ముందు మా కిరాణా అంగడి, వెనక ఇల్లు. ఇంట్లో అత్త, మా ఆయన, బడికి పోయే మా కూతురు, నేను. పొయ్యి దగ్గర నిలబడి ఉండగానే ఉన్నట్టుండి గుండె దడదడమనేది, ఊపిరి అందేది కాదు. కడపలో డాక్టరుకు చూపిస్తే గుండెకు ఏ జబ్బూ లేదన్నాడు. "రోజూ ఒక అరగంట ఎవరూ పిలవని చోట కూర్చోమ్మా. శ్వాస ఎట్ల తీసుకోవాల్నో నేర్చుకో" అని పంపించాడు. అరగంటే కదా, అదేం పెద్ద పని అనుకున్నాను. నా తెలివి అట్లా ఏడిచింది.

ఆ నెలలోనే మా ఊరి కల్యాణ మండపంలో శ్వాస శిబిరం పెట్టారు. పది రోజులు, పొద్దున ఐదింటికి. మా ఇంట్లో కొళాయి నీళ్ళు వచ్చేదీ ఐదింటికే. పది రోజులూ అత్తే నీళ్ళు పట్టింది, పట్టిన ప్రతి బిందెకూ ఒక మాట అంది. నేను పట్టించుకోలేదు. శిబిరంలో గురువు మొదట నేర్పింది ఇది. బొటనవేలితో కుడి ముక్కు మూసి, ఎడమ ముక్కుతో నాలుగు లెక్కపెట్టేంతసేపు పీల్చాలి. రెండు లెక్కలు ఆపాలి. ఉంగరపు వేలితో ఎడమది మూసి, కుడివైపు నుంచి ఎనిమిది లెక్కలు మెల్లగా వదలాలి. వదిలేదే ముఖ్యం అన్నాడు గురువు.

ఇంకొకటి జతగా చేసేది. ఒకరి వీపుకు ఒకరు వీపు ఆనించి కూర్చుని, ఒకే లెక్కన పీల్చి వదలాలి. నాకు జతగా పక్క వీధిలో కుట్టుమిషను పెట్టుకున్న ఆమె పడింది. ఆమె వీపు నిదానంగా పొంగి తగ్గుతుంటే నా ఊపిరి దానంతటదే దారిలో పడింది. ఎన్నో నెలల తర్వాత నా గుండె చప్పుడు నా చెవికి వినబడలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఏమైందక్కా?" అంది ఆమె వెనక్కి తిరక్కుండానే.

"ఏం లేదమ్మా. ఊపిరాడుతాంది" అన్నాను.

చివరి రోజు గురువు ఒక నియమం చెప్పాడు. ఆడవాళ్ళు నెలలో ఆ మూడు రోజులు మాత్రం ఇది చెయ్యకూడదట. అందరితోపాటు నేనూ తలూపి ఇంటికొచ్చాను.

ఇంట్లో పడకగది తలుపేసుకుని చాప పరిచాను. నాలుగు లెక్కలు పీల్చి ఆపానో లేదో తలుపు దబదబమంది. "ఏమ్మే, శెనగపిండి డబ్బా యాడ పెట్నావు?" అత్త. అది ఎప్పుడూ ఉండే చోటే ఉంది. చెప్పి మళ్ళీ కూర్చుంటే "అమ్మా, నా రిబ్బన్ యాడుండాది?" కూతురు. అది దాని సంచిలోనే ఉంది. తర్వాత మా ఆయన. "ఏమే, అంగడి తాళాలు కనపడ్లేదే?" తాళాలు ఆయన జేబులోనే ఉన్నాయి! మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. పొద్దున వదిలి మధ్యాహ్నానికి మార్చాను, సాయంత్రానికి మార్చాను. నేను ఏ పూట తలుపేసుకుంటే ఆ పూట ఇంట్లో వస్తువులన్నీ మాయమయ్యేవి. పూజ గదిలో కూర్చుంటే ఎవరూ పలకరించరు, అది దేవుడి పని. ఇది నా ఒక్కదాని పని కదా, ఎవరికి లెక్క?

అంతలో నెల తిరిగింది. మా ఇంట్లో ఆ మూడు రోజులు దూరం కూర్చోవాలి. పెరట్లో, స్నానాల గది పక్కన రేకుల గది. ఒక చాప, ఒక పళ్ళెం, ఒక చెంబు. ఇంట్లో ఏదీ నేను ముట్టకూడదు కాబట్టి ఎవరికీ నాతో పని లేదు. ఆ మూడు రోజులూ శెనగపిండి డబ్బా దొరికేది. రిబ్బన్ దొరికేది. తాళాలు దొరికేవి. అది చూసి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అంటే నేను లేకపోయినా మీకు కళ్ళు కనిపిస్తాయన్నమాట!

నెలంతా నాకు దొరకని అరగంట ఆ గదిలో ఉంది. గురువేమో ఆ మూడు రోజులే వద్దన్నాడు. ఆయనకేం, ఆయన తలుపు ఎవరు కొడతారు? నేను కూర్చున్నాను. ముక్కు మూసి, లెక్కపెట్టి, రేకుల వేడికి చెమటలు కారుతున్నా చేశాను. దడ తగ్గింది. మూడు రోజులు చాలక ఐదు చేశాను. "ఇంగా కాలేదామ్మే?" అని అత్త దూరం నుంచే అడిగేది. "ఇంగా లేదత్తా" అని అబద్ధం చెప్పేదాన్ని. ఏడాదంతా చెప్పాను. అందుకు ఈ రోజుకీ నాకు సిగ్గు లేదు.

ఆ మరుసటి ఏడు మా ఆయనకు బీపీ వచ్చింది. అదే డాక్టరు, మందులతోపాటు అదే మాట. రోజూ అరగంట, శ్వాస. "నీకు వచ్చు గదా, నేర్పించు" అన్నాడు ఆయన. నేర్పించాను.

మొదటి రోజు ఆయన పడకగది తలుపేసుకున్నాడు. ఇల్లు గమ్మునైపోయింది. మా అత్త లేచి టీవీ కట్టేసింది, మిక్సీ ఆపింది. పాలవాడు కేక వేస్తే వాకిట్లోకి ఉరికి "మెల్లగప్పా! లోపల మా అబ్బాయి గాలి పీలుస్తాండాడు" అంది. నన్ను తలుపు దగ్గర కాపలా నిలబెట్టింది. నాలుగు రోజులు నిలబడ్డాను.

ఐదో రోజు ఆయన వెనకాలే లోపలికి పోయి నేనే గడియ పెట్టాను.

"ఏమే, ఏమైంది?"

"ఏడాది నుంచి ఈ ఇంట్లో నాకు ఊపిరాడాలంటే మైల కావాల. మీకు తలుపేస్తే చాలు" అన్నాను. రేకుల గది సంగతి, ఐదు రోజుల అబద్ధం అంతా చెప్పాను.

"నాతో ముందే చెప్పొచ్చు గదా."

"తలుపు కొట్టినోళ్ళల్లో మీరూ ఉండారు. యాడ చెప్పేది?"

ఆయన చాప మీద పక్కకు జరిగాడు. నేను ఆయన వీపుకు వీపు ఆనించి కూర్చున్నాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో పట్టపగలు ఆయనను ఆనుకుని కూర్చోవడం అదే మొదలు. నాలుగు పీల్చాం, రెండు ఆపాం, వదలడం మొదలుపెట్టాం.

బయట కూతురు గొంతు. "అవ్వా, అమ్మ యాడ? నా రిబ్బన్..."

"ఉష్! మీ నాయన గాలి పీలుస్తాండాడు. నీ సంచిలో చూసుకోపో" అంది మా అత్త.

లెక్క ఐదు దగ్గర ఉంది. ఇంకా మూడు వదలాలి. వదల్లేదు. ఆ ఊపిరంతా గొంతులోకి తెచ్చుకుని తలుపు వైపు అరిచాను.

"మీ అమ్మ గూడా!"

ఈసారి తలుపు ఎవరూ కొట్టలేదు. నేను మళ్ళీ ఒకటి నుంచి లెక్క మొదలుపెట్టాను.