గోడకూ పైకప్పుకూ నడుమ

మా ఆయన కుదురుగా కూర్చున్న రోజు నాకు ఒక్కటీ గుర్తు లేదు. కంచం ముందు కూడా మోకాలు ఆడుతూనే ఉండేది. ఆయన పోయిన ఈ ఏడాదిలో ఇల్లు కదలడం లేదు. నాకది అలవాటు కావడం లేదు.

ఆయన పెయింటరు. గోడ రంగూ పైకప్పు రంగూ కలిసేచోట టేపు అంటించకుండా ఒట్టి కుంచెతో గీత లాగేవారు. అందుకే తోటివాళ్ళు రూళ్ళకర్ర అని పేరు పెట్టారు.

యాభై రెండో ఏట కుడిచేయి మొరాయించింది. చేయి పైకెత్తి రెండు నిమిషాలుంటే చిటికెన వేలూ ఉంగరం వేలూ తిమ్మిరెక్కేవి. తర్వాత చేయంతా బరువెక్కి, కుంచె ఉందో జారిందో వేళ్ళకే తెలిసేది కాదు. దించితే సర్దుకునేది. అందుకని నాకు చెప్పలేదు. ఒక పొద్దున చేతిలో గ్లాసు జారి పగిలాక చెప్పారు.

ఆయనతో కలిసి పనిచేసేది మా తమ్ముడే. వాడి వైద్యం వాడు చెప్పాడు.

"నరం పట్టేసింది బావా. నిండు డబ్బా పట్టుకుని, చేయి వేలాడేసి నడువు. సాగుతుంది."

పెయింటర్లంతా చేసేదే అది. పది లీటర్ల డబ్బాతో వరండాలో ఆ చివరి నుంచి ఈ చివరికి వారం తిరిగారు. తిరక్కపోతే ఈయనకు తోచదు కదా అని నేనూ ఊరుకున్నాను. వారమయ్యేసరికి చొక్కా గుండీ పెట్టుకోవడం కూడా నా వంతయింది.

అప్పటికే గ్రంథాలయం హాలు పని ఒప్పుకున్నారు. ముదురు నీలం కప్పు, తెల్ల గోడలు. గీత వంకరపోతే కింద కూర్చున్న ప్రతివాడికీ కనబడుతుంది. ఆరు వారాల గడువుంది. ఆలోగా చేయి లేవకపోతే మా తమ్ముడు పరంజా ఎక్కుతాడు, ఈయన కింద రంగులు కలుపుతారు, ఇక ఎప్పటికీ అంతే.

డాక్టరు మెడ ఎక్స్‌రే చూశారు, చేతి నరాల పరీక్ష చేయించారు. కొందరికి మెడ దగ్గర పుట్టుకతో ఉండే అదనపు పక్కటెముక ఈయనకు లేదన్నారు. తర్వాత రెండు చేతులూ దొంగ లొంగిపోయినట్టు ఎత్తించి, పిడికిళ్ళు మూస్తూ తెరుస్తూ మూడు నిమిషాలు ఉండమన్నారు. నిమిషం నిండకుండానే కుడిచేయి వాలిపోయింది. ఎడమది ఒక్కటే గాలిలో మూస్తూ తెరుస్తూ ఉండిపోయింది.

"థొరాసిక్ ఔట్‌లెట్ సిండ్రోమ్. కాలర్ ఎముకకూ మొదటి పక్కటెముకకూ మధ్య సందులోంచి చేతికి నరాలు, రక్తనాళాలు వెళతాయి. మీకక్కడ ఇరుకైంది."

"అంత చిన్న సందులో ఇంత పొడుగు పేరున్న జబ్బు ఎలా పట్టిందండీ?" అన్నారు ఈయన.

డాక్టరు నవ్వారు. ముందు వ్యాయామం, దానికి లొంగకపోతేనే ఆపరేషన్ మాట అన్నారు. చేయి వాచినా, చల్లబడినా, రంగు మారినా వెంటనే రమ్మన్నారు. డబ్బా సంగతి నేను చెబితే తల పట్టుకున్నారు. "కిందికి లాగేకొద్దీ సందు ఇంకా ఇరుకవుతుందమ్మా!"

ఫిజియోథెరపీ అమ్మాయి ఆయనకు చేతకాని పని చెప్పింది. కదలకుండా కూర్చోవడం.

"బాబాయ్ గారూ, ఊపిరి పొట్టలోకి తీయండి. భుజాలెందుకు లేస్తున్నాయి?"

"అవి నా మాట వినవమ్మాయ్. మా బావమరిది పోలిక."

రోజుకు మూడుసార్లు గోడకు వీపానించి, గడ్డం కాస్త లోపలికి తీసుకుని, పొట్టమీద చేయి వేసి పది ఊపిర్లు. తర్వాత మెడ పక్క కండరాలు మెల్లగా సాగదీయడం. ఏడో ఊపిరికే "పది" అని లేచిపోయేవారు. "నాకు లెక్కలు రావనుకున్నారా?" అని మళ్ళీ కూర్చోబెట్టేదాన్ని. కుంచెల సంచి భుజం దిగి సైకిలెక్కింది. చేయి తలకింద పెట్టుకుని పడుకుంటే లాగేసేదాన్ని.

ఐదు వారాలకు గుండీలు తనే పెట్టుకున్నారు. కానీ చేయి తలపైన నాలుగు నిమిషాలకు మించి నిలవలేదు.

"చేయి ఎత్తలేకపోతే మనిషినే ఎత్తండి బాబాయ్ గారూ" అంది ఆ అమ్మాయి.

పెయింటర్లు నిలబడే చెక్కను చేయి చాచితే కప్పు అందేంత దిగువన కడతారు. ఈయన జుట్టు కప్పుకు తగిలేంత ఎత్తున కట్టించారు. మోచేయి భుజం దాటనక్కర్లేదు.

"తలతో రంగేస్తావా బావా?" అన్నాడు మా తమ్ముడు.

"నీ తల ఎలాగూ పనికిరాదు. నాదైనా రానీరా."

మొదటిరోజు క్యారియర్ తీసుకుని వెళ్ళాను. పది నిమిషాలకోసారి, గోడ మూలకు చేరగానే, కుంచె ఆపి చేయి దించుతున్నారు. మూడు గోడలు దాటాయి. నాలుగో గోడకు గుమ్మం పైన, ఇంకో గజం ఉందనగా, వేళ్ళు విదిలించారు. గీత మధ్యలో ఆపితే రంగు ఆరి అతుకు పడుతుంది.

"ఆగకు బావా! ఆరిపోతోంది!"

నేను క్యారియర్ పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఆయన నా వైపు చూశారు. గీత వైపు చూశారు.

"ఆరనీరా" అని కుంచె డబ్బాలో పెట్టి, చెక్కమీద కూర్చుని గోడకు వీపానించారు.

అతుకు పడింది. ఆ తర్వాత తొమ్మిదేళ్ళు పరంజా ఎత్తుగా కట్టించుకుని పైకప్పుల పనే చేశారు. ఆ హాలు అప్పగించిన రోజున మాత్రం గ్రంథాలయాధికారిని గుమ్మం కిందికి లాక్కెళ్ళి పైకి చూపించారు.

"అక్కడ అతుకుందండీ."

"ఏదీ? నాకేం కనబడటం లేదే."

"ఇటొచ్చి నిలబడండి. కాదు, ఇంకొంచెం ఇటు."

ఆ అధికారికి కనబడేదాకా వదల్లేదు.