ఏ సీమ పిండి? కదిరి నుంచి గోరంట్లకు ఒక పగటి ప్రయాణం

మా ఆవిడ శారదకు టైఫాయిడ్ జ్వరం తగ్గి వారం దాటినా ఒంట్లోకి ఏదీ దిగలేదు. గంజి పోస్తే వాంతి, మజ్జిగ పోస్తే వాంతి. పుట్టి పెరిగింది తెనాలి పక్కన పల్లెటూరు, మెత్తటి వరి అన్నం తప్ప మరో తిండి ఎరుగని మనిషి. ఉద్యోగరీత్యా నా వెంట కదిరి వచ్చి రెండేళ్లయినా రాగి సంగటి పేరెత్తితే ముక్కు మూసుకుంటుంది. పక్కింటి రంగమ్మగారు ప్రేమగా రాగిజావ కాచి పంపితే, ఆ ఓపికలేని స్థితిలో కూడా గోడవైపు తిరిగి పడుకుంది. డాక్టరుగారు ఆరారూట్ జావ పోయమన్నారు. బజారంతా తిరిగాను. అందరి దగ్గరా సరుకు అయిపోయి కూర్చుంది. ఆమె గాజులు మోచేతి దాకా జారిపోవడం చూసినప్పుడు నిజంగా భయం వేసింది.

ఆ మాటే బడిలో అంటే మా ప్యూను, "గోరంట్లలో సీమపిండి దొరుకుతాది సారూ. రాణి కాలంలో తెల్లోళ్లు తింటాండిరంట. దండు సాయిబు ఇల్లు యాడని అడుగు, ఎవురైనా చూపిస్తారు" అన్నాడు. సీమనూనె, సీమసున్నం, సీమచింత లాగానే ఇదీ ఓడ దిగి వచ్చిన సరుకే అనుకున్నాను. చరిత్ర పాఠాలు చెప్పుకునేవాణ్ణి కాబట్టి ప్రాణం ఒకపక్క కొట్టుకుంటున్నా, దొరలు తిన్న పిండి గోరంట్లలో ఎందుకు దొరుకుతుందా అని మరోపక్క కుతూహలం. శారద దగ్గర రంగమ్మగారిని కూర్చోబెట్టి మర్నాడు తొలి బస్సు ఎక్కాను.

కదిరి నుంచి గోరంట్లకు ఓబుళదేవరచెరువు మీదుగా వెళ్లే బస్సు తెల్లవారగానే బయలుదేరుతుంది. ఎండ ముదరకముందే చేరాలంటే అదే మేలు. టికెట్టు రూపాయి లోపే. నయాపైసలు వచ్చినా కండక్టరు ఇంకా అణాల్లోనే అడుగుతాడు, కాబట్టి ఆ లెక్క నోటికి రానివాళ్లు చిల్లర దగ్గర పెట్టుకోవడం మంచిది. దారి పొడుగునా ఎర్రనేల, రాళ్లగుట్టలు, వానకోసం దున్ని పెట్టిన చేలు. సగం దూరం పోయాక ఇంజను కుతకుతలాడింది. ఒక బావి దగ్గర బస్సు ఆగింది. నీళ్లు చేదుతున్న ఆమె డ్రైవరు చేతిలో డబ్బా చూసి, "నిన్న పోస్తి గదప్పా, ఈపొద్దు మళ్లా ఏమి?" అంది. "నిన్నటి నీళ్లు నిన్ననే ఆవిరైపాయ కదమ్మా" అన్నాడు డ్రైవరు. ఆమె గొణుగుతూనే పోసింది. నేను ఎక్కడికి పోతున్నానో చెబితే ఆ డ్రైవరు, "మా బిడ్డకు పాలపండ్లొచ్చేటప్పుడు అదే పోసినాము. దేవుని మాదిరి పనిచేసింది" అన్నాడు. కాస్త ధైర్యం వచ్చింది.

గోరంట్లలో దిగి చిత్రావతి వైపు నడిస్తే, ఇసుక తప్ప నీళ్లు కనబడని ఏటి గట్టుకు దగ్గర్లో ఆ ఇల్లు. మట్టి మిద్దె. మిద్దె మీద తెల్లటి గుడ్డలు పరిచి, గాలికి ఎగరకుండా అంచుల మీద రాళ్లు పెట్టారు. అరుగు మీద కూర్చున్న ముసలాయన పేరు మస్తాన్ సాయిబు. బెంగళూరు కంటోన్మెంటును ఈ ప్రాంతంలో దండు అంటారు. ఆయన జేజినాయన, అంటే తాత, ఆ దండులో దొరల ఇళ్ల చుట్టూ తిరిగి తిండిసరుకులు, మందులు అమ్మేవాడట. అందుకే మనవడి కాలానికి కూడా ఆ ఇంటికి దండు సాయిబు ఇల్లనే పేరు.

"ఎవురికప్పా బాగలేంది?" అన్నాడు నేను నోరు తెరవకముందే. చెప్పాను. "వాంతి అయితాందా? బేదులా?" అని డాక్టరులాగే విచారించి, భార్య హుసేన్‌బీని పిలిచి పిండి కట్టమన్నాడు. ఆమె గుడ్డలు దులపడానికి మిద్దె ఎక్కింది. ఆ లోగా నా కుతూహలం కనిపెట్టి, ఆయన లోపలినుంచి జేజినాయన అమ్మకపు పెట్టె తెచ్చి చూపించాడు. పెట్టె నిండా ఖాళీ సీసాలు, రంగు పోయిన రేకుడబ్బాలు. ఒక్కొక్కటీ ఎత్తి చూపిస్తుంటే నాకు వచ్చిన పని కూడా కాసేపు గుర్తుకు రాలేదు. ఇది చలిజ్వరం గోలీలది, ఇది లివరుకు తాగే, నీళ్లలో వేస్తే పొంగే ఉప్పు, ఇది బార్లీ, ఈ మట్టి జాడీలో ఎద్దుమాంసం సారం ఉండేది, వేణ్ణీళ్లలో కలిపి జబ్బుమనిషికి పోసేవాళ్లు. చిన్న నీలం సీసా ఒకటి చేతిలో పెట్టి, "ఇది పిల్లకాయలు ఏడవకుండా పోసే తీపిమందు. దాంట్లో నల్లమందు కలిపి ఉంటాండె. పోస్తే పిల్లోడు నిద్రపోతాడు. లేసేదే కష్టం" అన్నాడు. మూత తీసి వాసన చూశాను. దుమ్ము తప్ప ఏమీ లేదు.

ఈ దేశపు నీళ్లూ గాలీ తిండీ తమ ప్రాణం తీస్తాయని దండులో ఇళ్లు కట్టుకుని స్థిరపడిన దొరలకు నమ్మకమట. అందుకే జబ్బు చేస్తే సీమనుంచి డబ్బాలో వచ్చిందే తినాలి. ఓడలో నెలలు, ఆపైన బండిలో ప్రయాణం. డబ్బా తెరిచేసరికి సగం పురుగు. జేజినాయన మొదట పురుగు జల్లించి అమ్మేవాడని చెప్పి ముసలాయన నవ్వాడు.

"మరి ఈ పిండి బెంగళూరు నుంచి తెప్పిస్తారా సాయిబుగారూ?" అని అడిగాను.

మిద్దె దిగి వస్తున్న హుసేన్‌బీ ఆ మాట విని చేత్తో రమ్మని సైగ చేసింది. వెనక వసారాలో పెద్ద కుండ. చెయ్యి పెట్టి దోసెడు తీసి చూపించింది. నానిన రాగులు. "వీటిని రుబ్బి, పాలు పిండి, గుడ్డలో వడగట్టల్ల. అడుక్కు దిగినాక పైన నీళ్లు వంపేసి మళ్లా నీళ్లు పోయల్ల. ఆ ఎర్రనీళ్లు పోయి తేటగా వచ్చేదంక పోస్తానే ఉండల్ల. తర్వాత ఎండబెట్టేది. ఇంతే నాయనా సీమపిండి" అంది.

ఇంత దూరం వచ్చింది రాగులకోసమా? శారద ఏది వాసన చూస్తేనే కక్కుతుందో సరిగ్గా అదే పొట్లం కట్టి ఇస్తున్నారు. కాస్త కోపంగానే, "మరి సీమ అన్నారు కదండీ" అన్నాను.

మస్తాన్ సాయిబుకు కోపం రాలేదు. చాప చూపించి కూర్చోమన్నాడు. "ఒక దొరసాని బిడ్డకు బేదులు పట్టుకున్యాయి. డబ్బాలో పిండి ముక్కిపాయ. ఇంకో డబ్బా రావల్లంటే ఓడ రావల్ల. ఆయమ్మ మా జేజినాయన చెయ్యి పట్టుకోని ఏడ్సింది. ఇంట్లో మా జేజి తన బిడ్డకని ఈ పిండి చేసుకోనింటే, అదే ఆ డబ్బాలో పోసి ఇచ్చినాడు. 'ఇది సీమదేనా?' అనడిగింది ఆయమ్మ. 'సీమదే తల్లీ' అన్నాడు."

"అబద్ధం కదా?"

"యాడ అబద్ధం? ఆయమ్మకు సీమంటే వాళ్ల దేశం. మాకు సీమంటే ఇదే, మా సీమ. ఏ సీమని ఆయమ్మ అడగల్యా, మా జేజినాయన చెప్పల్యా. బిడ్డ బతికె. దాంతో దండు మొత్తం అదే పిండి కావల్లనె." పొట్లానికి దారం చుట్టి నా చేతిలో పెట్టాడు. "ఇప్పటికీ మా ఇంట్లో అంతే సారూ. అడగనోళ్లకు చెప్పం. అడిగితే దాయం. నువ్వు అడిగితివి."

తిరుగు బస్సు మధ్యాహ్నం దాటాక గాని లేదు. బస్టాండు పక్క హోటల్లో బొరుగుల ఉగ్గాని తిన్నాను, కానీ రుచి తెలియలేదు. దారంతా ఒకటే ఆలోచన. చెబితే తాగదు. చెప్పకుండా పోస్తే కడుపులో నిలవదేమో, నిలవకపోతే ఇక నా చేతి నీళ్లు కూడా నమ్మదు. కదిరి చేరేసరికి దీపాలు పెట్టారు. రంగమ్మగారు తల అడ్డంగా ఊపింది, పొద్దుటినుంచి ఏమీ నిలవలేదని. నేనే పొయ్యి దగ్గర కూర్చుని జావ కాచాను. వాసన తెలియకూడదని చేతికి వచ్చినన్ని యాలకులు దంచి వేశాను. తెలుపులోనే కాస్త బూడిద చాయ కనబడుతోంది. దీపం కొంచెం తగ్గించి గ్లాసు అందించాను.

శారద ఒక గుక్క తాగి నావైపు చూసింది. ఇంకో గుక్క తాగింది. గ్లాసు ఖాళీ చేసి వెనక్కి వాలింది. నేను చెంబు, తట్ట దగ్గర పెట్టుకుని ఎదురుచూస్తూనే ఉన్నాను. వాంతి కాలేదు. చాలాసేపటికి కళ్లు మూసుకునే, "రాగులు కదూ" అంది.

నేను తట్ట పక్కకు జరిపాను.

"యాలకుల కింద దాగుతుందా ఆ వాసన? తెల్లారగానే పోయి దీపాల వేళకు వచ్చి, మీరే పొయ్యి దగ్గర కూర్చున్నారు. అది చూసి తాగాను" అంది. గ్లాసు నావైపు జరిపి, "ఇంకొంచెం ఉందా?" అని అడిగింది.

ఆ దొరసాని డబ్బాను నమ్మింది, బిడ్డ బతికాడు. శారద ఏ డబ్బానూ నమ్మలేదు. ఏం తాగుతున్నదో తెలిసే తాగింది. జేజినాయన చేసిన పని మోసమో మంచో చాలారోజులు ఆలోచించాను, ఇప్పటికీ తేలలేదు. నాతో మాత్రం ఆయన మనవడు దాపరికం లేకుండా చెప్పాడు, నేను ఆ ధైర్యం ఇంటికి తెచ్చుకోలేకపోయాను. సీమ అనే మాట మాత్రం ఇప్పుడు నా చెవికి వేరుగా వినిపిస్తోంది.

వెళ్లదలచినవారు మూత గట్టిగా ఉన్న డబ్బా వెంట తీసుకెళ్లండి, కాగితప్పొట్లం బస్సు కుదుపులకు ఆగదు. బెంగళూరు వైపునుంచి వచ్చేవారు హిందూపురంలో రైలు దిగి బస్సు ఎక్కితే దగ్గర. జావకు చిటికెడు ఉప్పు చాలు. యాలకులు మాత్రం వేయకండి. నేను ఇది రాస్తుంటే శారద వెనక నిలబడి చదివి, ఆ ఒక్క మాట తప్పక రాయమంది.