పడుకుని పెట్టిన దండం

రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో పెట్రోలు దొరక్క, కడప నుంచి రాయచోటికి పోయే బస్సు బొగ్గు గ్యాసుతో నడిచేది. కనుమ ఎక్కలేక ఆగిందంటే మగవాళ్ళందరం దిగి తోయాల్సిందే.

ఒక ఎండాకాలం మిట్టమధ్యాహ్నం అలాగే తోశాం. పైకి చేరగానే నేను బస్సుకు ఆనుకుని కదలకుండా నిలబడ్డాను. నా పక్కనే తోసిన తెల్లగడ్డం సాయిబు ఒకాయన మాత్రం అటూ ఇటూ నడుస్తూనే ఉన్నాడు. అంతలో నాకు కళ్ళు బైర్లు కమ్మాయి.

తెలివి వచ్చేసరికి బస్సు నీడలో వెల్లకిలా పడి ఉన్నాను. నా పాదాలు ఆ పెద్దాయన భుజం మీద ఉన్నాయి.

“ఈ ఎండకు నెత్తురంతా తోలుకిందికీ కాళ్ళలోకీ దిగిపోయుండాదప్పా. నడుస్తాంటే పిక్కలు దాన్ని పైకి తోస్తాయి, మనం బస్సును తోసినట్లే. నువ్వేమో నిలబడిపోతివి” అన్నాడు.

తండ్రి వయసు మనిషికి కాళ్ళు తగిలాయని, ఆయన్ను తాకి కళ్ళకద్దుకోవడానికి గభాలున లేచాను. మళ్ళీ కూలబడ్డాను. ఆయన మళ్ళీ నా కాళ్ళు భుజానికెత్తుకున్నాడు.

“మర్యాదలు రాయచోటిలో చేద్దువులే. ఈడ పండుకో.”

రాయచోటిలో ఆయన దిగేటప్పటికి నేనింకా వెనక సీటులో పడుకునే ఉన్నాను. పడుకుని దండం పెట్టకూడదంటారు. పడుకునే పెట్టాను.